జెండర్ స్టడీస్ చదవాలనుకునేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆడ, మగ, ట్రాన్స్‌జెండర్ అన్న తేడాలు సమాజంలో ఎలా పనిచేస్తాయో చదివే ఈ సబ్జెక్టు గురించి మన దగ్గర రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "దానికి ఉద్యోగాలు లేవు" అని ఒకరంటే, "ఇప్పుడు కంపెనీలన్నిటికీ అదే కావాలి" అని ఇంకొకరంటారు. రెండూ సగం సగం నిజాలే. ఏ డిగ్రీ మీద, ఏ ఉద్యోగం కోసం చదువుతున్నారన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. అందుకే కింద చాలా జవాబులు తిరిగి తిరిగి నోటిఫికేషన్లలో ఉండే అర్హతల లైను దగ్గరికే వస్తాయి.

ఇంటర్ అయ్యాక నేరుగా జెండర్ స్టడీస్‌లో డిగ్రీ చేయొచ్చా?

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కాలేజీల్లో ఇది మేజర్ సబ్జెక్టుగా దొరకడం చాలా అరుదు. ఆన్‌లైన్‌లో డిగ్రీ అడ్మిషన్లు జరిగే దోస్త్ (తెలంగాణ)లోగానీ ఓఏఎండీసీ (ఆంధ్రప్రదేశ్)లోగానీ వెతికితే సోషియాలజీ, పొలిటికల్ సైన్స్, హిస్టరీ, ఎకనామిక్స్, సైకాలజీ, సోషల్ వర్క్ లాంటివే కనిపిస్తాయి. జెండర్ ఒక పేపర్‌గానో, ఒక యూనిట్‌గానో వాటిలోపల ఉంటుంది. మన దేశంలో ఇది ప్రధానంగా పీజీ, పీహెచ్‌డీ స్థాయి సబ్జెక్టు.

ఇది నష్టమేమీ కాదు, నిజానికి మేలే. డిగ్రీలో గట్టి పునాది సబ్జెక్టు ఒకటి ఉంటే పీజీ తర్వాత దారులు మూసుకుపోవు. ఏది తీసుకోవాలంటే మా సలహా ఇది: ప్రభుత్వ మహిళా శిశు సంక్షేమ శాఖ వైపు చూపుంటే సోషియాలజీ లేదా సోషల్ వర్క్. లెక్కలంటే భయం లేకపోతే ఎకనామిక్స్, ఎందుకంటే జెండర్ స్టడీస్ చదివినవాళ్లలో అంకెలు చదవగలిగేవాళ్లు తక్కువ, వాళ్లకు గిరాకీ ఎక్కువ. కేసులు, హక్కులు, కోర్టులు అనుకుంటే అయిదేళ్ల లా. సాహిత్యం ఇష్టమైతే తెలుగు లేదా ఇంగ్లిష్ కూడా మంచి పునాదే, కానీ ఉద్యోగ నోటిఫికేషన్లలో అది తక్కువ చోట్ల కలిసొస్తుంది.

ఒక చిన్న సంగతి. హైదరాబాద్ జేఎన్‌టీయూ పరిధిలో బీటెక్ చేసినవాళ్లకు జెండర్ సెన్సిటైజేషన్ ల్యాబ్ తప్పనిసరిగా ఉంటుంది, తెలుగు, ఇంగ్లిష్ రెండింటిలో పాఠ్యపుస్తకం కూడా ఉంది. అది పాసవ్వాల్సిన కోర్సే. కానీ రెజ్యూమేలో దాన్ని అర్హతగా రాసుకుంటే ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

క్లాసులో అసలు ఏం చెప్తారు?

ఆడవాళ్ల కష్టాల గురించి ఉపన్యాసాలు ఉంటాయనుకుని వచ్చేవాళ్లు మొదటి నెలలోనే కంగారు పడతారు. రెండేళ్ల ఎమ్మేలో సాధారణంగా స్త్రీవాద సిద్ధాంతాలు, స్త్రీల ఉద్యమాల చరిత్ర, కులం, శ్రమ, చట్టం, ఆరోగ్యం, లైంగికత, పరిశోధనా పద్ధతులు ఉంటాయి. చివర్లో డిసర్టేషన్, అంటే సొంతంగా చేసి రాసే పరిశోధన. సిద్ధాంతాల పేపర్ బరువుగా ఉంటుంది. పరిశోధనా పద్ధతుల పేపర్‌ను చాలామంది తేలిగ్గా తీసుకుంటారు, తర్వాత ఉద్యోగంలో పనికొచ్చేది మాత్రం అదే.

మన నేల మీద జరిగినవే సిలబస్‌లో కొంత భాగం. 1978లో హైదరాబాద్‌లో రమీజాబీ మీద పోలీసు కస్టడీలో జరిగిన అత్యాచారం, మహారాష్ట్రలో పోలీసు స్టేషన్‌లో అత్యాచారానికి గురైన ఆదివాసీ అమ్మాయి మధుర కేసులో సుప్రీంకోర్టు తీర్పు, ఆ రెండింటి మీదా లేచిన నిరసన, 1983లో మారిన అత్యాచార చట్టం ఒకే గొలుసు. దళితుల మీద జరిగిన ఊచకోతలు, 1985లో కారంచేడు, 1991లో చుండూరు లేకుండా కులమూ జెండరూ కలిసే చోటును తెలుగు విద్యార్థికి అర్థమయ్యేలా చెప్పడం కష్టం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటతో పేరొచ్చిన సారా వ్యతిరేక ఉద్యమం మరొకటి. ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1985 నుంచే అమలయ్యేలా హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది, కేంద్రం ఆ పని చేసింది 2005లో. ఇరవై ఏళ్ల ముందే చట్టం వచ్చినా పొలం పాస్‌బుక్కుల్లో కూతుళ్ల పేర్లు ఎందుకు అంతగా చేరలేదన్నది ఇప్పటికీ మంచి పరిశోధన ప్రశ్నే.

ట్రాన్స్‌జెండర్ హక్కులు కూడా ఇందులో భాగమే: వాళ్లను మూడో జెండర్‌గా గుర్తించిన 2014 నాటి సుప్రీంకోర్టు నల్సా తీర్పు, 2019 చట్టం, వాళ్లను అనుమానితులుగా చూసిన పాత నిజాం కాలపు చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023లో కొట్టేయడం.

అబ్బాయిలు చదవొచ్చా?

చదవొచ్చు. తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం లాంటి మహిళా యూనివర్సిటీల్లో తప్ప మిగతా చోట్ల అడ్మిషన్‌కు అడ్డేమీ లేదు. అయితే ఒక్క మాట ముందే తెలుసుకోవాలి. అంగన్‌వాడీ సూపర్‌వైజర్, సీడీపీఓ (అంగన్‌వాడీలను చూసే ప్రాజెక్టు అధికారి), హింసను ఎదుర్కొన్న మహిళలకు సాయం చేసే సఖి కేంద్రాల్లో చాలా పోస్టులు మహిళలకే కేటాయిస్తారు. అబ్బాయిలు పరిశోధన, సర్వే సంస్థలు, బోధన, యువకులతో పనిచేసే ప్రాజెక్టుల వైపు ముందునుంచే చూసుకోవాలి.

పీజీ ఎక్కడెక్కడ ఉంది? సీటు ఎలా వస్తుంది?

పేర్లు రెండు రకాలుగా ఉంటాయి, విమెన్స్ స్టడీస్ అనీ జెండర్ స్టడీస్ అనీ. వెతికేటప్పుడు రెండూ కొట్టి చూడండి.

తెలుగువాళ్లు ఎక్కువగా చూసేవి ఇవి. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ ముంబయి, హైదరాబాద్ క్యాంపస్‌లలో విమెన్స్ స్టడీస్ ఎమ్మే నడిపింది. ఏ ఏడాది ఏ క్యాంపస్‌లో సీట్లు తీస్తున్నారో ఆ ఏడాది నోటిఫికేషన్‌లోనే చూడాలి, సీనియర్ల మాట మీద ఆధారపడొద్దు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోని విమెన్స్ స్టడీస్ సెంటర్ పరిశోధనకు పేరున్న చోటు. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీకి దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరుతో మహిళా అధ్యయన కేంద్రం ఉంది. పద్మావతి వర్సిటీలో ప్రత్యేక విభాగం ఉంది. ఉస్మానియాలో కూడా మహిళా అధ్యయన కేంద్రం ఉంది. బయట పుణె యూనివర్సిటీ, ఢిల్లీ అంబేద్కర్ యూనివర్సిటీ చెప్పుకోదగ్గవి. అంబేద్కర్ యూనివర్సిటీ ఢిల్లీ రాష్ట్ర విశ్వవిద్యాలయం కాబట్టి 85 శాతం సీట్లు ఢిల్లీలో చదివినవాళ్లకు పోతాయి. మనవాళ్లు పోటీపడేది మిగిలిన 15 శాతానికి. ఇది తెలియక అదొక్కటే నమ్ముకుని కూర్చునేవాళ్లు ఉంటారు.

కేంద్రీయ సంస్థల్లో చాలావాటికి సీయూఈటీ పీజీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. 75 ప్రశ్నలు, సరైన దానికి 4 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత. ఎక్కువమంది తప్పు చేసేది పరీక్షలో కాదు, దరఖాస్తులో. ఒక్కో యూనివర్సిటీ ఒక్కో పేపర్ కోడ్ అడుగుతుంది. రిజిస్ట్రేషన్‌లో ఆ కోడ్ ఎంచుకోకపోతే స్కోరెంత వచ్చినా ఆ సీటుకు పనికిరాదు. అందుకని ముందు యూనివర్సిటీల జాబితా, పక్కన వాటి కోడ్‌లు ఒక కాగితం మీద రాసుకుని ఆ తర్వాతే ఫారం తెరవండి. ఇంకోటి, పరీక్ష రాస్తే సరిపోదు, ఫలితాలొచ్చాక ఒక్కో యూనివర్సిటీ పోర్టల్‌లో విడిగా రిజిస్టర్ చేసుకోవాలి. ఆ గడువు చాలా చోట్ల కొద్ది రోజులే.

ఇగ్నోలో దూరవిద్యగా చేస్తే చెల్లుతుందా?

చెల్లుతుంది. ఇగ్నోకు జెండర్ మీద ప్రత్యేకంగా ఒక స్కూల్ ఉంది. విమెన్ అండ్ జెండర్ స్టడీస్, జెండర్ అండ్ డెవలప్‌మెంట్ స్టడీస్ అని రెండు ఎమ్మేలు నడుపుతుంది. కనీసం రెండేళ్లు, ఎక్కువలో ఎక్కువ నాలుగేళ్లలో పూర్తిచేయొచ్చు. నెట్ (లెక్చరర్ పోస్టుల జాతీయ అర్హత పరీక్ష) రాయడానికి, పీహెచ్‌డీకి దరఖాస్తు చేయడానికి ఈ డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమే. ఇప్పటికే అంగన్‌వాడీలోనో, సెర్ప్‌లోనో (మహిళా సంఘాలతో పనిచేసే ప్రభుత్వ సంస్థ), స్వచ్ఛంద సంస్థలోనో పనిచేస్తున్నవాళ్లకు ఇదే మంచి దారి.

ఇక్కడ దెబ్బతినేది అసైన్‌మెంట్ల దగ్గర. అవి గడువులోగా ఇవ్వకపోతే పరీక్షలో మార్కులొచ్చినా ఆ కోర్సు పూర్తయినట్టు చూపదు. ఇంకో లోటు, తోటివాళ్లతో వాదించుకునే క్లాసు ఉండదు. ఈ సబ్జెక్టు సగం ఆ వాదనల్లోనే వంటబడుతుంది.

తెలుగు మీడియంలో చదివాం. తట్టుకోగలమా?

మొదటి సెమిస్టర్ కష్టమే. ఇంగ్లిష్ రావడం ఒక్కటే సమస్య కాదు, సిద్ధాంత వ్యాసాలు ఇంగ్లిష్ మీడియంవాళ్లకూ మింగుడు పడవు. ఒక వ్యాసాన్ని మొదటి లైను నుంచి డిక్షనరీ పెట్టుకుని చదవడం మొదలుపెడితే నాలుగో పేజీలో ఆగిపోతారు. ముందు ఉపోద్ఘాతం, తర్వాత ముగింపు, ఆ తర్వాత మధ్యలో ఉపశీర్షికలు చూడండి. రచయిత ఎవరితో వాదిస్తున్నారో తెలుగులో మూడు వాక్యాలు రాసుకోండి. అప్పుడు పూర్తిగా చదవండి.

తెలుగు విద్యార్థికి ఒక బలం ఉంది, దాన్ని చాలామంది వాడుకోరు. తెలుగులో స్త్రీవాద రచన, దళిత స్త్రీల రచన పుష్కలం. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల జ్ఞాపకాలను స్త్రీశక్తి సంఘటన "మనకు తెలియని మన చరిత్ర"గా 1986లో అచ్చువేసింది. మౌఖిక చరిత్ర ఎలా చేయాలో చెప్పడానికి దేశమంతా చూపించే పుస్తకమది, ఇంగ్లిష్‌లోకీ వెళ్లింది. హైదరాబాద్‌లో 1985 నుంచి ఉన్న అన్వేషి పరిశోధన కేంద్రం గ్రంథాలయం ఈ రంగంలో చదివేవాళ్లకు పెద్ద అండ. మూల తెలుగు పాఠాన్ని చదవగలగడం బయటి విద్యార్థులకు లేని సౌకర్యం. డిసర్టేషన్ దానిమీద కట్టుకోండి.

డిసర్టేషన్‌లో ఎక్కడ తప్పులు జరుగుతాయి?

అన్నిటికన్నా ముందు అంశంలోనే. "తెలంగాణలో మహిళా సాధికారత" అనేది అంశం కాదు, అది ఒక శాఖ పేరులా ఉంటుంది. "ఫలానా మండలంలో పత్తి ఏరే కూలీల రోజువారీ పని గంటలు" అంటే అది పరిశోధించదగ్గది. ఎమ్మే స్థాయిలో నలుగురైదుగురితో సరిపెడితే తక్కువ, వందమందికి ప్రశ్నపత్రం పంచితే దాన్ని విశ్లేషించే సమయం ఉండదు. 15 నుంచి 20 మందితో లోతైన ఇంటర్వ్యూలు సాధ్యమయ్యే పని. ఒక గంట రికార్డింగ్‌ను ఎత్తి రాయడానికి నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుందని లెక్కవేసుకోండి. తెలుగు నుంచి ఇంగ్లిష్‌లోకి మార్చాల్సి వస్తే ఇంకా ఎక్కువ. చివరి నెలలో ఇరవై ఇంటర్వ్యూలు చేతిలో ఉండి, ఒక్కటీ ఎత్తి రాయకుండా ఉన్న విద్యార్థి ప్రతి బ్యాచ్‌లో ఉంటారు.

రెండోది అనుమతులు. సఖి కేంద్రంలో, శక్తి సదన్‌లో (ఆసరా లేని మహిళలుండే చోటు, పాత పేరు స్వాధార్ హోం), హాస్టళ్లలో పరిశోధన చేయాలంటే జిల్లా సంక్షేమ అధికారి దగ్గర రాతపూర్వక అనుమతి కావాలి. కాలేజీ లెటర్‌హెడ్ మీద గైడ్ సంతకంతో లేఖ, ప్రశ్నల నమూనా, సమ్మతి పత్రం జతచేసి ఇవ్వండి. వారాలు పడుతుంది. హింసను ఎదుర్కొన్నవాళ్లను శిక్షణ లేకుండా నేరుగా ఇంటర్వ్యూ చేయొద్దు, కేసు ఫైళ్లు అడగొద్దు. వాళ్లకు బదులు అక్కడ పనిచేసే కౌన్సిలర్లు, పారాలీగల్ సిబ్బందితో మాట్లాడి కూడా మంచి డిసర్టేషన్ రాయొచ్చు.

మూడోది అంకెలు. జాతీయ నేర రికార్డుల లెక్క నమోదైన కేసులను మాత్రమే చెప్తుంది. కేసులు పెరిగాయంటే నేరం పెరిగిందనీ కావచ్చు, ఫిర్యాదు చేసే ధైర్యం పెరిగిందనీ కావచ్చు. దాన్ని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేతో పక్కపక్కన పెట్టి చూడాలి, అందులో భర్త చేతి హింస గురించి ఇంటికెళ్లి అడుగుతారు. ఇంటిపని మీద రాసేవాళ్లకు కాలవినియోగ సర్వే ఉంది: 2019లో ఇంటిపని చేసిన ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు దానికి వెచ్చించారు. 2024లో అవి 289, 88. ఇక్కడ జారిపడేది ఏమిటంటే, ఈ సగటు ఇంటిపని చేశామన్నవాళ్లది మాత్రమే. ఆ రోజు అసలు చీపురే పట్టని మగవాళ్లు ఈ 88లో లేరు. వాళ్లను కలిపితే అంకె ఇంకా పడిపోతుంది.

స్థానిక లెక్కలు కావాలంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన దగ్గర గ్రామస్థాయిలో రుసుము లేదు, మండలంలో రూ.5, ఆపై స్థాయిలో రూ.10. జవాబుకు గడువు 30 రోజులు. అందుకే మొదటి నెలలోనే పెట్టాలి.

ప్రభుత్వ ఉద్యోగాలకు ఈ డిగ్రీ పనికొస్తుందా?

ఏ డిగ్రీ అయినా చాలన్న చోట పనికొస్తుంది: గ్రూప్ 1, గ్రూప్ 2, సివిల్స్. సివిల్స్ జనరల్ స్టడీస్ మొదటి పేపర్ సిలబస్‌లో మహిళలు, మహిళా సంఘాల పాత్ర అనే అంశం నేరుగా ఉంది. సోషియాలజీ ఆప్షనల్‌కూ చాలా కలిసొస్తుంది.

అసలు చిక్కు సబ్జెక్టుకు సంబంధించిన పోస్టుల్లోనే ఉంది, వినడానికి విడ్డూరంగా ఉన్నా. సీడీపీఓ, గ్రేడ్ 1 సూపర్‌వైజర్ నోటిఫికేషన్లలో అడిగేది హోం సైన్స్, సోషల్ వర్క్, సోషియాలజీ లాంటి డిగ్రీలు. సఖి కేంద్రాల్లో నిర్వాహకురాలికి లా లేదా సోషల్ వర్క్ పీజీ, కౌన్సిలర్‌కు సైకాలజీ వైపు అర్హత అడుగుతుంటారు. మహిళల కోసమే పెట్టిన పోస్టులో విమెన్స్ స్టడీస్ ఎమ్మే పేరు చాలాసార్లు ఉండదు. "సమానమైన అర్హత" అన్న మాట ఉంటే వాదించే వీలుంటుంది, లేకపోతే సర్టిఫికెట్ల పరిశీలనలో పక్కన పెట్టేస్తారు. డిగ్రీలో సోషియాలజీ ఉంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. సఖి పోస్టులు ఎక్కువగా కాంట్రాక్టు లేదా ఔట్‌సోర్సింగ్ పద్ధతిలో, జిల్లా స్థాయిలో భర్తీ అవుతాయి. జిల్లా వెబ్‌సైట్‌లోని నోటీసుల పేజీ చూస్తుండాలి.

కంపెనీల్లో అవకాశాలు ఏమిటి?

ప్రధానంగా పోష్ చట్టం, 2013, అంటే పనిచేసే చోట మహిళల మీద లైంగిక వేధింపులను అడ్డుకునే చట్టం చుట్టూ ఉన్నాయి. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతి చోటా ఫిర్యాదులు విచారించే ఇంటర్నల్ కమిటీ ఉండాలి. అందులో సగానికి తక్కువ కాకుండా మహిళలు, బయటి నుంచి ఒక సభ్యురాలో సభ్యుడో తప్పనిసరి. ఘటన జరిగిన మూడు నెలల్లోగా ఫిర్యాదు ఇవ్వాలి, కారణం చూపితే కమిటీ మరో మూడు నెలలు పొడిగించొచ్చు. విచారణ 90 రోజుల్లో ముగించాలి. కమిటీ వేయకపోతే యాజమాన్యానికి రూ.50,000 దాకా జరిమానా. హైదరాబాద్ లాంటి ఊళ్లో ఈ పనికి మనుషులు కావాలి: ఉద్యోగులకు శిక్షణ, కమిటీ సభ్యులకు శిక్షణ, బయటి సభ్యత్వం, వార్షిక నివేదికలు.

కానీ కొత్తగా ఎమ్మే పూర్తిచేసినవాళ్లను ఎవరూ బయటి సభ్యులుగా తీసుకోరు. అనుభవం చూస్తారు. నిబంధనల్లో బయటి సభ్యులకు రాసిన భత్యం రోజుకు రూ.200 మాత్రమే, ప్రయాణ ఖర్చు అదనం. ప్రైవేటు కంపెనీలు మాట్లాడుకుని ఎక్కువ ఇస్తాయి. మొదట ఏదైనా మహిళా సంస్థలో రెండు మూడేళ్లు కేసులు చూసి, కుదిరితే మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేసి ఈ పనిలోకి వస్తే నిలబడతారు. రెండు రోజుల ఆన్‌లైన్ సర్టిఫికెట్‌తో పోష్ కన్సల్టెంట్ బోర్డు పెట్టేవాళ్లను చూసి మోసపోకండి. విచారణలో సాక్షిని ఎలా పిలవాలో, నివేదికలో ఏది రాయాలో ఏది రాయకూడదో తెలియక వాళ్లు చేసిన తప్పులకు కేసు కోర్టులో వీగిపోతుంది.

స్వచ్ఛంద సంస్థల్లో, పరిశోధన ప్రాజెక్టుల్లో పనుల తీరు వేరు. ఉద్యోగం ప్రాజెక్టు ఉన్నంతవరకే. ఇంటర్వ్యూలో వాళ్లు చూసేది మూడు విషయాలు: ఊరికెళ్లి తెలుగులో మాట్లాడించగలరా, ఎక్సెల్‌లో లెక్కలు పెట్టగలరా, ఇంగ్లిష్‌లో నివేదిక రాయగలరా. మూడూ వచ్చినవాళ్లు ఖాళీగా ఉండటం తక్కువ. జెండర్ బడ్జెట్, అంటే బడ్జెట్‌లో మహిళలకు ఎంత పెట్టారో చూపే నివేదిక చదవడం నేర్చుకుంటే ఇంకా మంచిది. కేంద్రం 2005-06 నుంచి ఆ నివేదిక ఇస్తోంది. పూర్తిగా మహిళలకే పెట్టిన పథకాలు 'పార్ట్ ఎ'లో, కనీసం 30 శాతం వాటా ఉన్నవి 'పార్ట్ బి'లో ఉంటాయి.

లెక్చరర్ అవ్వాలంటే?

నిక్కచ్చిగా చెప్పాలంటే ఇది ఇరుకు దారి. జూనియర్ కాలేజీల్లో ఈ సబ్జెక్టు లేదు, డిగ్రీ కాలేజీల్లో దాదాపు లేదు. మిగిలేవి యూనివర్సిటీ కేంద్రాలు. 1986 తర్వాత యూజీసీ సాయంతో పెరిగిన ఈ కేంద్రాల్లో చాలాచోట్ల శాశ్వత పోస్టులు కొద్దిగానే ఉన్నాయి.

యూజీసీ నెట్‌లో విమెన్ స్టడీస్ కోడ్ 74. రెండు పేపర్లు కలిపి మూడు గంటలు, 150 ప్రశ్నలు, 300 మార్కులు, నెగెటివ్ మార్కులు లేవు. పీజీలో 55 శాతం ఉండాలి, రిజర్వుడు వర్గాలకు 50. జేఆర్‌ఎఫ్‌కు (పీహెచ్‌డీ చేసేవాళ్లకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) వయసు 30 దాటకూడదు, మహిళలకు, రిజర్వుడు వర్గాలకు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు అయిదేళ్ల సడలింపు. జేఆర్‌ఎఫ్ వస్తే 2023 జనవరి నుంచి నెలకు రూ.37,000. నాలుగేళ్ల డిగ్రీ 75 శాతంతో చేసినవాళ్లు పీజీ లేకుండానే జేఆర్‌ఎఫ్‌కు, పీహెచ్‌డీ అడ్మిషన్‌కు నెట్ రాయొచ్చు, తాము పీహెచ్‌డీ చేయాలనుకునే సబ్జెక్టులో.

బోధనే లక్ష్యమైతే ఎమ్మే సోషియాలజీ, హిస్టరీ లేదా పొలిటికల్ సైన్స్‌లో చేసి, పీహెచ్‌డీ జెండర్ మీద చేయడం సురక్షితం. రెండు వైపులా దరఖాస్తు చేసుకోవచ్చు.

విదేశాల్లో చదివితే?

బ్రిటన్‌లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో జెండర్ స్టడీస్‌కు ప్రత్యేక విభాగం ఉంది, మాస్టర్స్ ఏడాదే. యూరప్‌లో కొన్ని దేశాల యూనివర్సిటీలు కలిసి నడిపే గెమ్మా అనే రెండేళ్ల ఎరాస్మస్ ముండస్ మాస్టర్స్ ఉంది. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చెవెనింగ్ స్కాలర్‌షిప్‌కు కనీసం 2,800 గంటల ఉద్యోగ అనుభవం అడుగుతారు, కాలేజీ నుంచి నేరుగా కుదరదు.

అమెరికా అనుకునేవాళ్లు ఇది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) కోర్సు కాదని గుర్తుంచుకోవాలి. ఓపీటీ (చదువయ్యాక అక్కడ పనిచేసే అనుమతి) 12 నెలలే, స్టెమ్ కోర్సులు చేసినవాళ్లకు దొరికే 24 నెలల పొడిగింపు ఉండదు. అప్పు చేసి వెళ్తే ఆ ఏడాదిలో తీరదు. పూర్తి ఫండింగ్ ఉన్న పీహెచ్‌డీ వస్తే అది వేరే సంగతి.

ఎస్సీ విద్యార్థులు ఎక్కువగా చూసే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ నిబంధనలు 2022లో మారాయి. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారతదేశం మీద సామాజిక అధ్యయనాలు అంశంగా ఉన్న పరిశోధనలను మినహాయించారు. తెలుగు దళిత స్త్రీల మీద పరిశోధన ప్రతిపాదన రాసి ఈ స్కాలర్‌షిప్‌కు పంపితే అక్కడే ఆగిపోవచ్చు. దరఖాస్తు చేసే ఏడాది మార్గదర్శకాలను వెబ్‌సైట్ నుంచి దించుకుని చదివాకే అంశం ఖాయం చేసుకోండి.

ఇంట్లో ఒప్పుకోవడం లేదు. ఏం చెప్పాలి?

ఆదర్శాల గురించి చెప్తే వినరు. డిగ్రీలో ఉన్న సబ్జెక్టు, దానికి వచ్చే మూడు నాలుగు నోటిఫికేషన్ల ప్రింటు, ఫీజు, హాస్టల్ ఖర్చు కాగితం మీద చూపించండి. రెగ్యులర్ పీజీ వద్దంటే లా గానీ సోషల్ వర్క్ గానీ చేస్తూ ఇగ్నో ఎమ్మేను రెండో డిగ్రీగా పెట్టుకోవచ్చు. ఒకటి రెగ్యులర్‌గా, ఒకటి దూరవిద్యలో ఒకేసారి చదవడానికి యూజీసీ 2022 నుంచి అనుమతిస్తోంది.

మొదటి ఏడాది అయ్యాక మానేయాలనిపిస్తే?

కొత్త పీజీ నిబంధనల ప్రకారం మొదటి ఏడాది పూర్తిచేసినవాళ్లకు పీజీ డిప్లొమాతో బయటికొచ్చే వీలు కొన్ని యూనివర్సిటీల్లో ఉంది. మీ దగ్గర ఉందో లేదో చేరేటప్పుడే ప్రాస్పెక్టస్‌లో చూడండి. మానేసేముందు క్రెడిట్లు వాటిని దాచే ఆన్‌లైన్ ఖాతా అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో ఎక్కాయో లేదో సరిచూసుకోండి, తర్వాత వేరే చోట చేరేటప్పుడు అవే అడుగుతారు. టీసీ, మైగ్రేషన్ సర్టిఫికెట్ అప్పుడే తీసుకోండి. రెండేళ్ల తర్వాత వెళ్లి అడిగితే ఆఫీసుల చుట్టూ తిప్పుతారు.